ఐరన్ పనిచేయని పాప: అనంతపురంలో ఒక ఇంట్లో సీసం జాడ వెతికిన కేసు

జూలై మొదటి వారంలో మూడున్నరేళ్ల పాపను ఎత్తుకొని తల్లి, వెనకే నాయనమ్మ మా ఆసుపత్రికి వచ్చారు. నాయనమ్మను ఇక్కడి అలవాటు ప్రకారం ఇకపై అవ్వ అంటాను. కుటుంబం అనుమతితోనే ఈ కేసు రాస్తున్నాను. వాళ్లను గుర్తుపట్టే వివరాలు మార్చాను, వైద్యానికి సంబంధించినవి మార్చలేదు.

ఫిర్యాదులు మామూలువే. పాపకు తరచుగా కడుపునొప్పి, మూడు నాలుగు రోజులకు ఒకసారి విరేచనం, అన్నం ముద్ద పెట్టబోతే తల తిప్పుకోవడం. గోడ సున్నం గీకి తింటుంది. బరువు 11 కిలోల 200 గ్రాములు, అంటే వయసుకు బాగా తక్కువ. కళ్లు, గోళ్లు పాలిపోయి ఉన్నాయి. హిమోగ్లోబిన్ 7.9. మా ప్రాంతంలో రక్తహీనత లేని పిల్లలే తక్కువ కాబట్టి నా చెయ్యి అలవాటుగానే రాసుకుంటూ పోయింది. నులిపురుగుల మాత్ర ఒకటి, ఐరన్ చుక్కలు, ఆహారం గురించి నాలుగు మాటలు.

తల్లి ఒక మాట చెప్పింది. అప్పుడు దానికి ఇవ్వాల్సిన విలువ నేను ఇవ్వలేదు. ‘ఇంతకుముందు బాగా మాట్లాడేది మేడమ్, ఇప్పుడు తగ్గించేసింది. అంగన్‌వాడీ టీచరు కూడా అడిగింది.’ నీరసం వల్ల అయి ఉంటుందని అన్నాను.

నెల తర్వాత హిమోగ్లోబిన్ 8. సరిగ్గా ఐరన్ ఇస్తే నెలకు కనీసం ఒక గ్రాము పెరగాలి. మందు వేయడం లేదేమోనని తల్లిని గట్టిగా అడిగాను. ఆమె ఖాళీ సీసాలు తెచ్చి బల్ల మీద పెట్టింది. మలం నల్లగా వస్తోందని కూడా చెప్పింది, అంటే మందు కడుపులోకి వెళ్తోంది. వంశపారంపర్యంగా వచ్చే రక్తజబ్బు తలసీమియాకు పరీక్ష చేయించాను, మామూలుగానే ఉంది. కడుపు స్కానింగులో ఏమీ కనిపించలేదు. సెప్టెంబరులో పాప కాళ్లు నొప్పులంటూ రాత్రిళ్లు ఏడవడం మొదలుపెట్టింది.

అనంతపురంలో ఎముకల నొప్పి అనగానే డాక్టరుకైనా రోగికైనా మొదట గుర్తొచ్చేది ఫ్లోరైడే. దశాబ్దాలుగా బోరు నీళ్లు తాగి వంగిపోయిన నడుములు చూసిన జిల్లా ఇది. సత్యసాయి తాగునీటి పథకం 1995లో మొదలైంది కూడా ఆ బాధను చూసే. ఈ కుటుంబానికీ ఆ భయం ఉంది. నాలుగేళ్లుగా తాగడానికి, వంటకు క్యాను నీళ్లే కొంటున్నారు. అయినా నేను క్యాను నీళ్లు, కుళాయి నీళ్లు రెండూ పరీక్షకు పంపాను. లీటరుకు 1.5 మిల్లీగ్రాముల ఫ్లోరైడ్ దాటకూడదన్నది మన ప్రమాణం. రెండూ ఆ హద్దులోనే వచ్చాయి. తెలిసిన ప్రమాదం చుట్టూ తిరగడంలో ఇంకో రెండు వారాలు పోయాయి. ఇక్కడ పనిచేసే తోటి వైద్యులకు ఇది ప్రత్యేకంగా చెబుతున్నాను. ఊరికి పేరుపడ్డ జబ్బు ఒకటి ఉన్నప్పుడు మన చూపు దాని దగ్గరే ఆగిపోతుంది.

దారి చూపింది మా ల్యాబులో పనిచేసే అమ్మాయి. అక్టోబరు మధ్యలో మరోసారి గాజు పలక మీద రక్తం పూత చూస్తూ నన్ను పిలిచింది. ఎర్ర రక్తకణాల్లో ఇసుక చల్లినట్టు సన్నని నీలి చుక్కలు కనిపించాయి. బేసోఫిలిక్ స్టిప్లింగ్ అంటారు. తలసీమియాలోనూ కనిపిస్తుంది, కానీ దాన్ని అప్పటికే కాదనుకున్నాం. మిగిలినవాటిలో మొదటిది సీసం (లెడ్). మోకాళ్ల ఎక్స్‌రే తీయించాను. ఎముక పెరిగే చోట తెల్లగా చిక్కని గీత అడ్డంగా ఉంది.

కేసు షీటు తిరగేశాను. తండ్రి వృత్తి అన్న గడిలో నా చేతిరాతతోనే ‘స్వయం ఉపాధి’ అని ఉంది. ఏ పని అని నేను అడగలేదు. అడిగి ఉంటే జూలైలోనే తెలిసేది.

‘బ్యాటరీలు బాగుచేస్తాడు మేడమ్, ఇంటి ముందరే’ అంది తల్లి.

రక్తంలో సీసం పరీక్షకు వేలి నుంచి చుక్క తీస్తే సరిపోదు. వేలి మీదే సీసం ధూళి ఉంటే అంకె అబద్ధం చెబుతుంది. అందుకే నరం నుంచి, లోహాల జాడ లేని ప్రత్యేక గొట్టంలోకి తీసి బెంగళూరు పంపించాం. పాపతో పాటు ఇంట్లో అందరి రక్తమూ పంపాం. తల్లి అప్పుడు ఐదో నెల గర్భవతి కాబట్టి ఆమెది మరీ అవసరం. ఐదో రోజు ఫలితాలు వచ్చాయి. డెసిలీటరు రక్తానికి పాపకు 54 మైక్రోగ్రాములు, తండ్రికి 61, తల్లికి 23, అవ్వకు 26.

ఈ అంకెలకు అర్థం చెప్పాలి. సీసానికి మన ఒంట్లో ఏ పనీ లేదు, ప్రమాదం లేని మోతాదంటూ ఏదీ తేలలేదు. 5 లేదా అంతకు మించి ఉంటే ఎక్కడి నుంచి వస్తోందో కనిపెట్టి ఆపాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో మార్గదర్శకాలిచ్చింది. పిల్లల్లో 45 దాటితే సీసాన్ని బయటికి లాగే మందు మొదలుపెట్టాలి. మింగిన సీసంలో పెద్దవాళ్ల ఒళ్లు పదో వంతు పీల్చుకుంటే చిన్న పిల్లల ఒళ్లు దాదాపు సగం పీల్చుకుంటుంది. ఐరన్, కాల్షియం తక్కువైతే ఇంకా ఎక్కువ. మన పాపకు ఆ రెండూ తక్కువే. సీసం రక్తం తయారీని అడ్డుకుంటుంది, రక్తహీనత మరింత సీసాన్ని లోపలికి పిలుస్తుంది. ఆ వలయం మధ్యలో నేను మూడు నెలలు ఐరన్ చుక్కలు పోశాను.

ఫలితం వచ్చిన సాయంత్రమే ఇల్లు చూడటానికి వెళ్లాను. అంగన్‌వాడీ టీచరు దారి చూపిస్తూ తోడు వచ్చింది.

పాతూరులో ఇరుకు సందు. ముందు వసారా, దాని వెనక రెండు గదులు, వెనకవైపు పెరడు. వసారాలో ఇన్వర్టర్ బ్యాటరీలు, ఆటో బ్యాటరీలు, ట్రాక్టర్లవి వరుసగా పేర్చి ఉన్నాయి. తండ్రి ముప్పై రెండేళ్ల మనిషి, పని మీద గౌరవం ఉన్నవాడు. నాకు పని మొత్తం విడమరిచి చూపించాడు. పెట్టె మూత కోసి, సెల్లులు బయటికి తీసి, చెడిన సీసపు ప్లేట్లు పక్కన పడేసి, మంచివి ఏరి, సీసం కరిగించి పోసి మళ్లీ కలుపుతాడు. కొత్త బ్యాటరీ కొనలేని ఆటో డ్రైవరుకు ఏడెనిమిది నెలలు బండి నడుస్తుంది. సీసం 327 డిగ్రీలకే కరుగుతుంది. అందుకు ఒక చిన్న గ్యాస్ పొయ్యి, ఇనప గరిటె చాలు. పొయ్యి పక్కనే పాప మూడు చక్రాల సైకిలు ఉంది.

ప్లేట్ల నుంచి రాలిన పొడి బూడిదరంగులో, కొన్నిచోట్ల ఇటుక రంగులో వసారా మూలల్లో పేరుకొని ఉంది. అవ్వ రోజూ రెండుపూటలా ఊడుస్తుంది. పొడి చీపురుతో ఊడిస్తే బరువైన రవ్వలు గుమ్మం దాకా పోతాయి, సన్నని ధూళి లేచి మళ్లీ మంచాల మీద, గిన్నెల మీద వాలుతుంది. తండ్రి పని చొక్కా పడకగది తలుపుకు మేకు కొట్టి తగిలించి ఉంది. సాయంత్రం పని ముగించగానే పాప పరుగెత్తి వచ్చి ఆ చొక్కా మీదే తల పెట్టుకుంటుందని తల్లి చెప్పింది. ఆ మాట అంటున్నప్పుడు ఆయన ముఖం చూడటం నాకు కష్టమైంది.

బ్యాటరీ ఆసిడ్ పెరట్లో వేపచెట్టు మొదట్లో పారబోస్తున్నారు. అక్కడి మట్టిలో పాప ఆడుకుంటుంది. సీసం ఇంకెక్కడి నుంచైనా వస్తోందేమోనని కాటుక గురించీ అడిగాను, ఆముదం దీపంతో ఇంట్లో పట్టినదే. పసుపు కొమ్ములు తెచ్చి ఇంట్లోనే దంచుకుంటారు. గోడలకు వట్టి సున్నమే, రంగు లేదు. కాబట్టి అవన్నీ వదిలేశాం.

తండ్రిని పని మానేయమనడం తేలిక. నలుగురు తినే కూడు దాని మీదే ఉంది, అయిదో మనిషి కడుపులో ఉంది. అందుకని ముందు దూరం గురించి మాట్లాడాం. ఊరి చివర ఆటో మెకానిక్కులున్న చోట ఒక రేకుల షెడ్డు అద్దెకు తీసుకున్నాడు. పెట్టె కోసి ప్లేట్లు తీసే పని అక్కడ కూడా చేయవద్దని, ఛార్జింగు, డిస్టిల్డ్ వాటర్ పోయడం, టెర్మినళ్లు శుభ్రం చేయడం వరకే ఉంచుకోమని అడిగాను. పాత బ్యాటరీలను తిరిగి తీసుకునే బాధ్యత తయారీదారులదేనని 2022 నాటి బ్యాటరీ వ్యర్థాల నిబంధనలు చెబుతున్నాయి. చెడినవి విప్పకుండా డీలరుకు ఇచ్చేయవచ్చు. ఆయన ఒప్పుకున్నాడు, కానీ రాబడి సగానికి దగ్గరగా పడిపోయింది. ఈ కేసులో వైద్యం ఖర్చు కంటే పెద్ద ఖర్చు అదే, ఆ కుటుంబం ఒక్కటే మోసింది.

పాపకు మందు ఆ ఇంట్లో ఉండగా మొదలుపెట్టలేదు. ఒకవైపు సీసం లోపలికి పోతుంటే మరోవైపు లాగడం వల్ల ప్రయోజనం లేదు. నవంబరులో తల్లిని, పాపను కూడేరు వైపున్న అమ్మమ్మ ఊరికి పంపాం. సీసాన్ని లాగే ఆ మందు, నోటి ద్వారా ఇచ్చే సక్సిమర్, మా ఊళ్లో దొరక్క బయటి నుంచి తెప్పించడానికి తొమ్మిది రోజులు పట్టింది. మొదటి 5 రోజులు రోజుకు మూడుసార్లు, తర్వాత 14 రోజులు రోజుకు రెండుసార్లు, మొత్తం 43 గొట్టాలు (క్యాప్సూళ్లు). గొట్టం విప్పితే మురిగిన గుడ్డు కంపు కొడుతుంది. పెద్దవాళ్లకే కష్టం. మగ్గిన అరటిపండు గుజ్జులో కలిపి పెట్టే ఉపాయం అమ్మమ్మ కనిపెట్టింది. ఒక్క మోతాదు కూడా తప్పలేదు. వారానికోసారి తెల్ల కణాలు, కాలేయం పరీక్షలు చూశాం. ముందు మలబద్ధకం తగ్గింది. కోర్సు చివరి రోజు రక్తంలో సీసం 19.

ఈలోగా ఇంటి శుభ్రత జరిగింది. దాన్ని వివరంగా రాస్తాను, ఎందుకంటే దీపావళికి ఇల్లు దులిపినట్టు దులిపితే సీసం ఇంకా ఎక్కువవుతుంది. చీపురు పూర్తిగా మానిపించాం. రెండు బకెట్లు పెట్టించాం, ఒకదాంట్లో సబ్బునీళ్లు, ఇంకోదాంట్లో గుడ్డ జాడించడానికి మంచినీళ్లు. పైనుంచి కిందికి, లోపలి గది నుంచి గుమ్మం వైపు తడిగుడ్డతో తుడవాలి. జాడించిన నీళ్లు మురుగు కాల్వలోకే పోయాలి, పెరట్లో పోయకూడదు. తుడిచిన గుడ్డలు ఇంకో పనికి వాడకూడదు. అవ్వ, తండ్రి, ఆయన స్నేహితుడు కలిసి మూడు రోజులు ఈ పని చేశారు. దూది పరుపులు రెండు బయట పడేశారు. పరుపులో చేరిన ధూళి కడిగితే పోదు. పని బట్టలు షెడ్డులోనే విప్పి, చేతులు ముఖం కడుక్కొని, వేరే చెప్పులతో ఇంటికి రావాలి. ఆ బట్టలు విడిగా ఉతకాలి.

డిసెంబరు మొదటి వారంలో పాప ఇంటికి వచ్చింది. మూడు వారాల తర్వాత పరీక్ష చేస్తే సీసం 41.

కొంత పెరుగుతుందని నాకు ముందే తెలుసు. సీసం ఎక్కువ భాగం ఎముకల్లో దాక్కుంటుంది, మందు ఆపగానే అక్కడి నుంచి రక్తంలోకి తిరిగి వస్తుంది. 30 దాకా వస్తే ఆశ్చర్యపడను. 41 ఎముకల లెక్క కాదనిపించింది. అవ్వ రక్తం కూడా మళ్లీ చూశాను. వసారా ఖాళీ అయి నెల దాటింది. రక్తంలో సీసం సుమారు నెలకు సగమవుతుంది కాబట్టి ఆమె అంకె దిగాలి. 26 కాస్తా 27 అయింది.

మరోసారి మందు ఇద్దామా అన్న ప్రశ్న వచ్చింది. 20 నుంచి 44 మధ్య ఉన్న పిల్లల్లో సక్సిమర్ రక్తంలోని అంకెను దించినా తెలివితేటల్లో మేలు కనిపించలేదని అమెరికాలో జరిగిన పెద్ద అధ్యయనం 2001లో తేల్చింది. అంకెను దించడానికి మందు ఇచ్చి నన్ను నేను సమాధానపరచుకోవడం వద్దనుకున్నాను. ఇంట్లో ఇంకేదో ఉంది, మళ్లీ వెళ్లాలి.

ఈసారి తెల్లవారుజామున ఆరింటికి వెళ్లాను. మొదటిసారి సాయంత్రం వెళ్లాను కాబట్టి ఆ ఇంటి ఉదయం ఎలా ఉంటుందో చూడలేదు. పెరట్లో నీళ్ల పొయ్యి మండుతోంది. అవ్వ తుమ్మకట్టెలు పెట్టి, పక్కనున్న గోతం సంచి నుంచి నల్లటి ముక్కలు రెండు తీసి పొయ్యిలో దోపింది.

‘ఏమిటవ్వా అవి?’

‘పాత బ్యాటరీ పెట్టెల ముక్కలమ్మా. చలికాలం కట్టెలు తొందరగా అంటుకోవు. ఇవి వేస్తే చిటికెలో మంట వస్తుంది. పారేసేవే కదా అని ఏరి పెట్టుకున్నా.’

సంచి సగం నిండి ఉంది. పెట్టె ముక్కలతో పాటు ప్లేట్ల మధ్య ఉండే పలచటి తొడుగులు, వాటికి అంటుకున్న బూడిదరంగు ముద్ద. వసారా ఖాళీ చేసినప్పుడు ఎవరూ ఈ సంచి వైపు చూడలేదు. నేనూ చూడలేదు. పొగ నేరుగా స్నానాల గదిలోకి పోతోంది, పాపకు అక్కడే రోజూ నీళ్లు పోస్తారు.

నేను పొగ గురించి ఆలోచిస్తూ నిలబడి ఉండగా, అవ్వ నిన్నటి బూడిద పిడికెడు తీసి కొబ్బరి పీచుకు అద్దుకుంది. అన్నం గిన్నె ముందుకు లాక్కుని తోమడం మొదలుపెట్టింది.

సీసం మండి మాయమైపోదు. కొంత పొగలో పోతుంది, మిగిలింది బూడిదలో ఉండిపోతుంది. ఆ బూడిదతో పాప పాలగ్లాసు, పళ్లెం, అవ్వ తినే గిన్నె రోజూ రెండుపూటలా తోముతున్నారు. అవ్వ చేతులు ఆ బూడిదలోనే ఉన్నాయి. ఆమె అంకె ఎందుకు దిగలేదో నాకప్పుడు అర్థమైంది. బూడిద మా పెద్దవాళ్లందరి దృష్టిలో శుభ్రమైన వస్తువు. మా అమ్మ కూడా దానితోనే తోమింది. అందుకే ప్రశ్నల జాబితాలో కాటుక ఉంది, పసుపు ఉంది, బూడిద లేదు.

ఇది కొత్త సంగతేమీ కాదు. 1930ల తొలి ఏళ్లలో, ఆర్థిక మాంద్యం కాలంలో, అమెరికాలోని బాల్టిమోర్ నగరంలో పేద కుటుంబాలు పాత బ్యాటరీ పెట్టెలను వంటచెరకుగా తగలబెట్టి, పిల్లలు సీసం విషానికి గురయ్యారు. తొంభై ఏళ్ల కిందట అక్కడ తెలిసిన విషయం ఇక్కడ ఒక అవ్వకు ఎవరూ చెప్పలేదు. తప్పు ఆమెది కాదని ఆ ఉదయమే అందరి ముందూ చెప్పాను. కానీ ఆమె గిన్నె అక్కడే వదిలి లోపలికి వెళ్లిపోయింది. రెండు రోజులు అన్నం తినలేదని కొడుకు తర్వాత చెప్పాడు. పాపను ముట్టుకోవడానికి కూడా భయపడిందట. ఇంట్లో ప్రమాదం వెతికేవాళ్లు దీనికి సిద్ధపడి వెళ్లాలి. దొరికిన వస్తువు వెనక ఎప్పుడూ ప్రేమతో ఆ పని చేసిన మనిషి ఒకరుంటారు. నేను మళ్లీ వెళ్లి ఆమె పక్కన కూర్చొని, పాపకు ఇకపై రాగిసంగటి, ఆకుకూర పప్పు తినిపించే పూచీ ఆమెదేనని అడిగాను. 100 గ్రాముల రాగుల్లో 340 మిల్లీగ్రాముల దాకా కాల్షియం ఉంటుంది. ఖాళీ కడుపున సీసం ఎక్కువగా పట్టుకుంటుంది కాబట్టి పాప ఆకలితో ఉండకూడదు. ఆ పని ఆమెకంటే బాగా చేసేవాళ్లు లేరు.

సంచి, బూడిద, పొయ్యి ఇటుకలు మూటగట్టి, చెడిన ప్లేట్లతో పాటు పాత బ్యాటరీలు కొనే అధీకృత డీలరుకు అప్పగించాం. స్నానాల గది గోడలు తడిగుడ్డతో తుడిచి మళ్లీ సున్నం వేశారు. గిన్నెలన్నీ సబ్బుతో కడిగారు. గీతలు పడ్డ అల్యూమినియం గిన్నెలు మార్చారు. వేపచెట్టు కింది మట్టిని జానెడు లోతు తవ్వి తీయించాలనుకున్నాం, కానీ తీసిన మట్టిని ఎక్కడ పోయాలి? ఊరి బయట పోస్తే ఇంకొకరి పిల్లలు ఆడుకుంటారు. చివరికి తాడిపత్రి బండలు తెచ్చి ఆ నేల మొత్తం పరిచి, సందుల్లో సిమెంటు పూశారు.

ఫిబ్రవరిలో పాప సీసం 27, మేలో 19, సెప్టెంబరులో 13. మే నాటికి హిమోగ్లోబిన్ 10.8, అవే ఐరన్ చుక్కలతో. అవ్వకు 11. తండ్రికి మందు ఇవ్వలేదు, పని మారడంతోనే 28కి దిగింది. తల్లికి ప్రసవం నాటికి 14. బొడ్డుతాడు రక్తంలో 12 వచ్చింది. మగపిల్లవాడు, రెండు కిలోల ఎనిమిది వందలు. ఈ స్థాయిలో తల్లిపాలు ఆపనక్కర్లేదని చెప్పి పాలు పట్టించాం. తల్లికి కాల్షియం కొనసాగుతోంది. వాడికి ఆరో నెలలో 7 ఉంది. పుట్టకముందే సీసం మోసిన పిల్లవాడని నా రిజిస్టరులో వాడి పేరు పక్కన ఎర్ర గీత గీశాను.

పాప మళ్లీ మాట్లాడుతోంది. ఈ మాట ఇంతకంటే గట్టిగా చెప్పలేను. మూడు, నాలుగు మాటల వాక్యాలు వస్తున్నాయి, అంగన్‌వాడీలో పాటకు చేతులు ఊపుతుంది. తోటి పిల్లల కంటే వెనకబడే ఉంది. సీసం రక్తం నుంచి దిగినంత మాత్రాన మెదడులో చేసిన నష్టం పూడదు. ఎంత పూడుతుందో బడికి వెళ్లాకే తెలుస్తుంది. ప్రతి ఆరు నెలలకు ఎదుగుదల పరీక్ష చేయిస్తున్నాం. వారానికి రెండుసార్లు మాటల శిక్షణకు తండ్రే తన బండి మీద తీసుకొస్తాడు.

ఆ సందులో ఇంకో మూడు ఇళ్ల పిల్లలు ఆ వసారాలో ఆడుకునేవాళ్లని అంగన్‌వాడీ టీచరు డిసెంబరులోనే చెప్పింది. అయిదుగురికి పరీక్ష చేయించాం. ఇద్దరికి 5 దాటింది, ఒకరికి 16. ఆ 16 ఉన్న బాబు వాళ్ల ఇంట్లో కూడా నీళ్ల పొయ్యి పక్కన ఒక సంచి దొరికింది, అవ్వ ఇచ్చినదే. నా కేసు షీటులో ఇప్పుడు ‘తండ్రి వృత్తి’ పక్కన మరో రెండు గడులు చేర్చాను. ఆ పని ఎక్కడ చేస్తారు, పొయ్యిలో ఏం వేస్తారు.